ప్రత్యేక అవసరాలున్న పిల్లలను ఊరి బడిలో చేర్చడం, నిలబెట్టడం ఎలా?

ఏటా మే నెలాఖరు వచ్చేసరికి నన్ను వెతుక్కుంటూ వచ్చి అడిగే ప్రశ్న ఒకటే. విజయనగరం చుట్టూ ధర్మపురి, అయ్యన్నపేట, గాజులరేగ వైపు పెరిగిన కాలనీల్లో ఇల్లు కట్టుకునో, అద్దెకు దిగో ఉంటున్న తల్లిదండ్రులు వచ్చి, "మా గుంటడికి మాట సరిగ్గా రాదు మేస్టారూ, ఈ బళ్ళో ఏసుకుంటారా?" అని అడుగుతారు. కొందరి పిల్లలకు నడక కష్టం, కొందరికి వినికిడి తక్కువ, మరికొందరికి ఎన్నిసార్లు దిద్దించినా అక్షరం నిలవదు. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి పనుల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఇక్కడి బడి, సచివాలయం, ఆసుపత్రి ఏవీ పరిచయం ఉండవు కాబట్టి, ఒకే పని కోసం నాలుగు చోట్లకు తిరిగి అలసిపోయి, చివరకు పిల్లవాడిని ఇంట్లోనే ఉంచేసుకున్నవారిని నేను చాలామందిని చూశాను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసిన ఉపాధ్యాయుడిగా, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు మీరు చేయవలసిన పనులను వరుసగా ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లాలో ఉన్నవారికి కూడా పద్ధతి ఇదే.

ఆ ప్రశ్నకు సమాధానం ముందే చెబుతాను. చేర్చుకోవాలి. 2009 నాటి విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఇంటి దగ్గరి బడిలోనైనా, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. చట్టం గురించి ఇంతవరకు తెలిస్తే మీకు చాలు. మిగిలినదంతా పనే.

దగ్గర ఉంచుకోవలసినవి

పిల్లవాడి జనన ధ్రువపత్రం, ఆధార్ కార్డు, తల్లి ఆధార్ కార్డు, తల్లి పేరున ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, రేషన్ కార్డు, నాలుగు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఇంతవరకు చూపించిన వైద్యుల చీటీలు ఒక ఫైలులో వరుసగా పెట్టుకోండి. సదరం సర్టిఫికెట్టు, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వాసుపత్రిలో పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం, ఉంటే దాన్నీ చేర్చండి. ప్రతి కాగితానికీ మూడు జిరాక్సులు తీయించుకోండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చి రావద్దు, చూపించి వెనక్కు తీసుకోండి.

వీటిలో కొన్ని లేకపోయినా ఆగిపోకండి. వయసు ధ్రువీకరణ పత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని విద్యా హక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది.

ఇవన్నీ కాక, వంద పేజీల నోట్‌బుక్కు ఒకటి కొనండి. పిల్లవాడి గురించి మీరు చూసినది, ఎవరు ఏమి చెప్పారన్నది, ఏ తేదీన ఏ కార్యాలయానికి వెళ్ళారన్నది అందులో రాయండి. కాగితాలన్నింటిలోకీ ఎక్కువగా అక్కరకు వచ్చేది ఇదేనని నా అనుభవం.

1. వారం రోజులు పిల్లవాడిని గమనించి రాయండి

బడికి వెళ్ళే ముందు ఈ పని చేయండి. రాసేటప్పుడు "మందకొడి", "అల్లరి", "మొండి" వంటి మాటలు వద్దు. కంటికి కనబడినదే రాయండి. ఉదాహరణకు ఒక తల్లి నాకు చూపించిన పేజీలో ఇలా ఉంది: "సోమవారం. అమ్మమ్మ వెనక నుంచి రెండుసార్లు పిలిస్తే తిరగలేదు. ఎదురుగా వచ్చి పిలిస్తే నవ్వాడు. అన్నం తనే కలుపుకున్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాడు." ఈ నాలుగైదు వాక్యాలు చదివిన ఏ ఉపాధ్యాయుడికైనా వినికిడి పరీక్ష చేయించాలని, చేతివేళ్ళకు పని కల్పించాలని వెంటనే తోస్తుంది. "మా వాడు దేనికీ పలకడండి" అని చెబితే ఏమీ తోచదు.

చేయలేనివాటితో పాటు చేయగలిగినవి కూడా తప్పకుండా రాయండి. తనంతట తాను మరుగుదొడ్డికి వెళ్ళగలడా, ఆకలేస్తే ఎలా తెలియజేస్తాడు, దేనికి భయపడతాడు, ఏ పని ఇస్తే పది నిమిషాలు కుదురుగా కూర్చుంటాడు అన్నవి బడిలో మొదటి రోజునే అవసరమవుతాయి.

ఇప్పటికే బడికి వెళుతున్న పిల్లల విషయంలోనూ ఈ గమనింపు అవసరమే. మూడో తరగతిలో నా దగ్గర చదివిన ఒక అమ్మాయి బోర్డు మీది అక్షరాలను ముత్యాల్లా దించేది, డిక్టేషన్ చెబితే మాత్రం సగం మాటలు వదిలేసేది. పొడుగరి కావడంతో ఆమెను వెనక వరసలో కూర్చోబెట్టాను, శ్రద్ధ లేదనుకుని దాదాపు ఆరు నెలలు మందలిస్తూ వచ్చాను. తరువాత ఒకరోజు వాళ్ళమ్మ మాటల మధ్య "దానికి చిన్నప్పట్నుంచీ చెవి కారతాది మేస్టారూ" అంది. నేను బోర్డు వైపు తిరిగి చెప్పిన ప్రతి మాటా ఆ పిల్లకు అందలేదని నాకు అప్పుడు అర్థమైంది. ముందు వరసకు మార్చి, ముఖం ఆమె వైపు ఉంచి చెప్పడం మొదలుపెట్టిన నెలలోపే డిక్టేషన్ నోట్సు మారిపోయింది. ఆ ఆరు నెలలు ఆమెకు నేను తిరిగి ఇవ్వలేను. అందుకే ఇంట్లో మీరు గమనించిన చిన్న విషయాన్ని కూడా ఉపాధ్యాయుడికి చెప్పమని ఇంతగా అడుగుతున్నాను.

2. బడిని చూసి ఎంచుకోండి

బడులు జూన్ 12న తెరుస్తారు. వీలైతే ఏప్రిల్‌లో, వేసవి సెలవులకు ముందే, బడి నడుస్తుండగా వెళ్ళి చూడండి. గేటు నుంచి తరగతి గది వరకు పిల్లవాడిని మీరే నడిపించండి. ర్యాంపు ఉందా, ఉంటే దానికి పట్టుకునే కడ్డీ ఉందా, వాన పడితే జారుతుందా అన్నది చూడండి. మరుగుదొడ్డి తలుపు వెడల్పు, లోపల గొళ్ళెం ఎత్తు, నీళ్ళ కుళాయి పిల్లవాడికి అందే తీరు పరిశీలించండి. పిల్లలు బడి మానడానికి పాఠం కన్నా మరుగుదొడ్డే ఎక్కువసార్లు కారణమవుతుంది.

ఆ తరువాత ఎంతమంది ఉపాధ్యాయులు ఉన్నారో అడగండి. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఒకరిద్దరే ఉన్న బడిలో ఎంత మంచి మనసున్న టీచరైనా ఒక పిల్లవాడి పక్కన కూర్చోవడానికి సమయం చిక్కదు. 2025లో ఏర్పాటైన మోడల్ ప్రైమరీ స్కూళ్ళలో తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండేలా నియమం పెట్టారు కాబట్టి, అటువంటి బడి అందుబాటు దూరంలో ఉంటే ముందుగా దాన్ని చూడండి. అయితే నడవలేని పిల్లవాడికి ఆటోలో రెండు కిలోమీటర్ల ప్రయాణం రోజూ సాధ్యమో కాదో మీరే తూచుకోవాలి. ఇంటి నుంచి కిలోమీటరు లోపున్న చిన్న బడి, అక్కడ పిల్లవాడిని పేరు పెట్టి పిలిచే టీచరు ఉంటే నేను దానికే మొగ్గుతాను.

ప్రైవేటు బడి కావాలనుకుంటే, విద్యా హక్కు చట్టం కింద ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన, ప్రతికూల వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలు కూడా ఆ వర్గాల్లోకి వచ్చారు. దీనికి బడులు తెరవకముందే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి కాబట్టి ప్రకటన కోసం ముందు నుంచీ కనిపెట్టి ఉండండి.

తీవ్రమైన వైకల్యం వల్ల బడికి రాలేని పిల్లల పేరు కూడా బడి రిజిస్టరులో నమోదు చేయించి, ఇంటి వద్ద విద్య కోరవచ్చు. సహిత విద్య ఉపాధ్యాయులు, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్లు, ఇంటికే వచ్చి నేర్పిస్తారు. కానీ మెల్లగానైనా రాగలిగిన పిల్లవాడికి ఈ మార్గం ఎంచుకోకండి. తోటి పిల్లల మధ్య వచ్చే మాట ఇంట్లో కూర్చుంటే రాదు.

3. ప్రవేశం తీసుకోండి

ప్రధానోపాధ్యాయుడిని కలిసినప్పుడు సమస్యను దాచవద్దు. "చెబితే చేర్చుకోరేమో" అన్న భయంతో మూర్ఛ వస్తుందన్న సంగతి కూడా దాచిన తల్లిదండ్రులున్నారు. అది ప్రమాదం. మూర్ఛ వచ్చే పిల్లవాడైతే వచ్చినప్పుడు ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, తాళాలు చేతిలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదని, అయిదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయాలని ఒక కాగితం మీద రాసి మీ నంబరుతో సహా ఇచ్చి రండి.

ప్రవేశానికి ముందు పరీక్ష గానీ ఇంటర్వ్యూ గానీ పెట్టకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ఎనిమిదేళ్ళ పిల్లవాడిని "అక్షరాలు రావు కదా" అని ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి. తనకన్నా రెండేళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చున్న పిల్లవాడు సిగ్గుతో ముడుచుకుపోతాడు.

సదరం సర్టిఫికెట్టు తెస్తేనే చేర్చుకుంటామని ఎవరైనా అంటే అది సరికాదు. ప్రవేశానికి సర్టిఫికెట్టు షరతు కాదు. అటువంటప్పుడు గొడవపడకుండా, చేర్చుకోలేని కారణాన్ని కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. చాలాచోట్ల ఆ మాటతోనే పని జరుగుతుంది.

4. యూడైస్‌లో నమోదును మీ కళ్ళతో చూడండి

ఎక్కువమంది తల్లిదండ్రులు వదిలేసే మెట్టు ఇది. దీని మీద నేను కాస్త ఎక్కువ చెబుతాను. యూడైస్ ప్లస్ అంటే బడుల, పిల్లల వివరాలను ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నమోదు చేసే చోటు. హాజరు పట్టీలో పేరు ఉండడం వేరు, యూడైస్ ప్లస్‌లో ప్రత్యేక అవసరాలున్న బాలుడిగా, ఫలానా రకం వైకల్యంతో నమోదు కావడం వేరు. బడి చదువుల కోసం ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్ష పథకం నుంచి వచ్చే ఉపకరణాలు, రవాణా భత్యం, తోడుగా వచ్చేవారి భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు ఇచ్చే స్టైపెండు వంటివన్నీ ఈ నమోదును చూసే లెక్కిస్తారు. ఆ గడిలో "కాదు" అని పడితే, ప్రభుత్వ లెక్కలో మీ బిడ్డకు ఏ ప్రత్యేక అవసరమూ లేదన్నమాట.

బడి తెరిచిన నెల లోపు వెళ్ళి, పిల్లవాడి వివరాల పేజీ తెరిచి చూపించమని అడగండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, వైకల్యం గడి నిండిందా, రకం సరిగ్గా పడిందా అన్న మూడింటినీ చూడండి. వినికిడి సమస్యను మాట సమస్యగా, మస్తిష్క పక్షవాతాన్ని మానసిక వైకల్యంగా రాసేయడం మామూలుగా జరిగే పొరపాటు. సర్టిఫికెట్టు వచ్చాక దానిలో ఉన్నట్టు మళ్ళీ సరిచేయించాలి.

పిల్లవాడి సమస్య ఏమిటో ఇంకా తేలకపోతే, ఎన్.సి.ఇ.ఆర్.టి. తయారుచేసిన ప్రశస్త్ యాప్‌లోని ప్రశ్నావళిని తరగతి ఉపాధ్యాయుడి చేత నింపించమని కోరండి. అది నిర్ధారణ కాదు, ఎవరికి చూపించాలో తెలిపే మొదటి వడపోత మాత్రమే.

5. సదరం సర్టిఫికెట్టు సంపాదించండి

సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు బుక్ చేయించుకోండి. ఏ ఆసుపత్రికి ఏ తేదీన వెళ్ళాలో రశీదులో ఉంటుంది. విజయనగరంలోనైతే సర్వజన ఆసుపత్రిలో, శ్రీకాకుళంలోనైతే అందరూ రిమ్స్ అని పిలిచే ఆసుపత్రిలో ఈ శిబిరాలు జరుగుతుంటాయి. స్లాట్లు తెరిచిన రోజునే నిండిపోతుంటాయి కాబట్టి, తరువాత ఎప్పుడు తెరుస్తారో సచివాలయంలో అడిగి ఉంచుకోండి.

ఆ రోజున పాత వైద్యపు చీటీలన్నీ, మీ నోట్‌బుక్కు, పిల్లవాడికి తినడానికి ఏదైనా, ఒక ఆట వస్తువు పట్టుకెళ్ళండి. గంటల తరబడి నిరీక్షించి ఆకలితో ఏడుస్తున్న పిల్లవాడిని చూసి డాక్టరు అంచనా వేయడం కష్టం.

పిల్లవాడి చేత చేతకానట్టు నటింపజేయకండి. 40 శాతం దాటితే పెన్షను వస్తుందని, అది నెలకు 6,000 రూపాయలని అందరికీ తెలుసు, ఆ డబ్బు పేద కుటుంబానికి ఎంత అవసరమో నాకూ తెలుసు. కానీ వచ్చిన పని రాదని చెప్పించడం పిల్లవాడు మరిచిపోడు. పైగా తప్పుడు అంచనా మీద తప్పుడు ఉపకరణం, తప్పుడు పాఠం వస్తాయి.

సర్టిఫికెట్టు చేతికి రాగానే అది శాశ్వతమా, తాత్కాలికమా చూడండి. పిల్లలకు చాలాసార్లు గడువుతో ఇస్తారు. ఆ గడువు తేదీని గోడ మీది క్యాలెండరులో రాసి, మూడు నెలల ముందే మళ్ళీ స్లాటు కోసం ప్రయత్నించండి.

చదవడం, రాయడంలో మాత్రమే ఇబ్బంది ఉన్న పిల్లలకు, అంటే నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నవారికి, ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్టు ఇస్తారు. తిరిగి 14, 18 ఏళ్ళకు పరీక్ష చేయించుకోవాలి. రెండో తరగతి పిల్లవాడు బి, డి లను తారుమారు చేస్తున్నాడని అప్పుడే ఆసుపత్రుల చుట్టూ తిరగనక్కరలేదు. బడిలో సాయం మాత్రం అప్పుడే మొదలు కావాలి.

6. సహిత విద్య ఉపాధ్యాయుడితో ప్రణాళిక రాయించండి

మండలాల్లో సమగ్ర శిక్ష ఆధ్వర్యంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, వ్యాయామం నేర్పే భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ఐ.ఇ.ఆర్.పి. అని పిలిచే సహిత విద్య ఉపాధ్యాయులు ఉంటారు. మీ బడికి ఏ కేంద్రం దగ్గరో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో చెబుతారు. ఫిజియోథెరపిస్టు ఏ రోజున వస్తారో అడిగి, ఆ రోజు తప్పకుండా తీసుకెళ్ళండి. అక్కడ చేయించిన వ్యాయామాన్ని మీ ఫోనులో వీడియో తీసుకుని ఇంట్లో రోజూ చేయించండి. వారానికి ఒక్కరోజు చేయించిన వ్యాయామంతో బిగుసుకున్న కాలు సడలదు.

తరగతి ఉపాధ్యాయుడు, ఐ.ఇ.ఆర్.పి., మీరు కలిసి కూర్చుని వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి. మూడు నెలలకు మూడు లక్ష్యాలు చాలు. "తెలుగు మెరుగుపడాలి" అని రాస్తే అది లక్ష్యం కాదు. "సెప్టెంబరు నెలాఖరుకు తన పేరులోని అక్షరాలను చూడకుండా రాయాలి", "పది చింతగింజలను లెక్కపెట్టి ఇవ్వాలి", "మధ్యాహ్న భోజనం తరువాత కంచం తానే కడుక్కోవాలి" అన్నవి లక్ష్యాలు. చేశాడా, లేదా అన్నది ఎవరు చూసినా చెప్పగలగాలి. దాని నకలు ఒకటి తీసుకుని మీ ఫైలులో పెట్టుకోండి.

ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. వాస్తవంలో ఒక ఐ.ఇ.ఆర్.పి. అనేక బడులు చూసుకుంటున్నారు. అందువల్ల రోజువారీ పనిని తరగతి ఉపాధ్యాయుడు చేయగలిగేలా ప్రణాళిక చిన్నదిగా ఉండాలి.

7. ఉపకరణాలను కొలిచి తీసుకోండి

వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు, కాలిపర్లు, బ్రెయిలీ కిట్లు కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఆలింకో సంస్థ నిర్ధారణ శిబిరాల ద్వారా ఉచితంగా వస్తాయి. శిబిరం తేదీని ఐ.ఇ.ఆర్.పి.ని అడిగి తెలుసుకోండి. పెద్దల చక్రాల కుర్చీ తీసుకుని "పెరిగాక సరిపోతుంది" అనుకోకండి. కాళ్ళు గాలిలో వేలాడుతూ, నడుము ఒక పక్కకు వాలి కూర్చున్న పిల్లవాడికి వెన్ను వంకర తిరిగే ప్రమాదం ఉంది. వినికిడి యంత్రమైతే బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయో, చెవిలో అచ్చు వదులైతే ఎవరు మారుస్తారో అక్కడే అడిగి రాసుకోండి. యంత్రం బీరువాలో ఉన్న ఇళ్ళు చాలా చూశాను. కారణం అడిగితే "కీచుమంటాది, తీసేస్తాడు" అంటారు. ఆ కీచు చాలావరకు వదులైన అచ్చు వల్లే వస్తుంది. అచ్చు మారిస్తే పోతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

పిల్లవాడి పక్కన తల్లే రోజంతా కూర్చోవడం మంచిదనుకుంటారు. మొదటి వారం కూర్చోండి, తరువాత వరండాలోకి, ఆ తరువాత గేటు దగ్గరకు జరగండి. అలా జరగకపోతే తోటి పిల్లలు అతనితో ఆడరు.

భవిత కేంద్రానికి వెళుతున్నాడు కదా అని బడి మాన్పించడం మరో తప్పు. రెండింటికీ రోజులు పంచుకోండి. అలాగే, "కూర్చోబెట్టుకుంటున్నారు, అదే చాలు" అని ఊరుకోకండి. రోజంతా బొమ్మ గీస్తూ మూలన కూర్చున్న పిల్లవాడు బడిలో ఉన్నాడే గానీ చదువులో లేడు.

అన్నదమ్ములతో, ఎదురింటి పిల్లలతో పోల్చడం ఇంట్లో వెంటనే ఆపండి. పోల్చవలసింది పోయిన మూడు నెలల నోట్సుతో.

పని జరుగుతోందని తెలుసుకోవడం ఎలా?

నెలకొకసారి పిల్లవాడి నోట్సు తిరగేయండి. తేదీలతో, టీచరు దిద్దిన గుర్తులతో పేజీలు ఉన్నాయా, అతని స్థాయికి తగిన పని ఇస్తున్నారా చూడండి. అయిదు పేజీలు ఖాళీగా ఉన్నాయంటే టీచరును నిదానంగా అడగవలసిన సమయం వచ్చింది. బడి నుంచి వచ్చాక "ఈరోజు ఎవరి పక్కన తిన్నావు?" అని అడగండి. మాట రాని పిల్లవాడికి తరగతి ఫొటో చూపించి వేలు పెట్టమనండి. మూడు నెలలు గడిచినా ఒక్క పేరూ రాకపోతే అతను ఒంటరిగా ఉంటున్నాడని అర్థం.

మూడు నెలలకు ప్రణాళికలోని మూడు లక్ష్యాలను అందరూ కలిసి చూడండి. రెండు నెరవేరితే బాగా జరుగుతున్నట్టే. ఒక్కటీ నెరవేరకపోతే తప్పు పిల్లవాడిదని అనుకోకుండా లక్ష్యాన్ని సగానికి విరిచి మళ్ళీ మొదలుపెట్టండి.

బడి స్థాయిలో పరిష్కారం కాని విషయాన్ని ముందు మండల విద్యాశాఖాధికారికి, తరువాత జిల్లా విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవచ్చు. ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే హక్కు ఉంది. అర్జీలో కోపం కన్నా తేదీలు ఎక్కువగా ఉండాలి, మీ నోట్‌బుక్కు అక్కడే పనికొస్తుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉంటారు కాబట్టి, ఎన్నిక జరిగినప్పుడు మీరూ సభ్యులుగా నిలబడండి. ర్యాంపుకు కడ్డీ వేయించే మాట బయట నుంచి అడిగినదానికన్నా ఆ సమావేశంలో అడిగితే త్వరగా తెములుతుంది.

ఐదో తరగతి పూర్తి కావస్తున్నప్పుడు, ఆ ఏప్రిల్‌లోనే, చేరబోయే హైస్కూలుకు పిల్లవాడిని తీసుకుని ఒకసారి వెళ్ళి రండి. టి.సి.తో పాటు ప్రణాళికల నకళ్ళు, సదరం సర్టిఫికెట్టు, ఐదేళ్ళ నోట్‌బుక్కులోంచి మీరు ఎంచి రాసిన ఒక పేజీ అక్కడి ప్రధానోపాధ్యాయుడికి ఇవ్వండి. జూన్‌లో యూడైస్ పేజీని అక్కడ కూడా తెరిపించి, వైకల్యం గడి బదిలీలో చెరిగిపోలేదని చూసుకోండి.